చక్కెర పేర్లు

చక్కెర పాకాన్ని కొయ్య అచ్చుల్లో పోసి, నూలు దారం వెంట బిళ్లలుగా గట్టిపరచిన దండలు చక్కెర పేర్లు. తెలంగాణలో హోలీకి వీటిని పిల్లల మెడలో వేస్తారు. కుడుకలతో కలిపి కట్టడమూ ఉంది. కర్ణాటకలో సంక్రాంతికి నువ్వులు, బెల్లంతో పంచే సక్కరె అచ్చులు, ఆంధ్ర పెళ్లిళ్లలో సారెతో పంపే పంచదార చిలకలు కూడా ఇదే పనితనానివి.

అచ్చు రెండు చెక్కలుగా ఉంటుంది. నీళ్లలో నానిన చెక్కల మధ్య దారం పరచి, బిగించి కట్టి, వేడి పాకం పోస్తారు. తడి చెక్కకు పాకం అంటుకోదు. చల్లారేకొద్దీ చక్కెర గట్టిపడి దారాన్ని తనలో బిగించుకుంటుంది. జిగురు అక్కర్లేని ఈ అతుకే మొత్తం పనిలో మెచ్చుకోదగ్గది. బిళ్ల పగిలినా ముక్క చాలాసార్లు దారాన్ని పట్టుకొనే ఉంటుంది.

చిలకలకు ఆ ఆసరా లేదు. ముక్కు, తోక ముందు విరుగుతాయి కనుక పొడి కాగితాల మధ్య, ఒకదాని బరువు మరొకదానిపై పడకుండా సర్దాలి. తేమ తగిలితే చక్కెర జిగటగా మారుతుంది.

కేకుపై పెట్టే చక్కెర పూలు, బొమ్మలది మరింత సున్నితమైన వ్యవహారం. వీటిని గుడ్డు తెల్లసొన, చక్కెర పొడి కలిపిన రాయల్ ఐసింగ్‌తోనో, కరిగించిన చక్కెర చుక్కతోనో అతికిస్తారు. ఫ్రిజ్‌లోంచి తీసిన కేకుకు గాలిలోని తేమ చెమటలా పట్టి పలుచని రేకులు వాలిపోతాయి. ఎండాకాలం దూరప్రయాణమైతే బొమ్మలను విడి డబ్బాలో తీసుకెళ్లి, కేకు బల్ల మీదికి చేరాకే అతికించడం మేలు. మామూలు చక్కెరకన్నా తేమను తక్కువగా పీల్చే ఐసోమాల్ట్‌ను గాజులా మెరిసే అలంకారాలకు వాడతారు.