నాలందాలో చీనా విద్యార్థులు : భోజన విహార విశేషములు

క్రీ.శ. 7వ శతాబ్దమున చీనాదేశమునుండి విద్యార్థులై వచ్చి నాలందా మహావిహారమున చదివినవారిలో హ్యుయాన్‌త్సాంగు, ఇత్సింగు అను భిక్షువులు సుప్రసిద్ధులు. రాజవంశముల కాలనిర్ణయమునకును, బౌద్ధశాఖల స్థితిగతులను తెలిసికొనుటకును వీరి రచనలను మన చరిత్రకారులు విరివిగా వాడుకొనియున్నారు. వీరు తిన్న తిండిని గూర్చియు, తిరిగిన తావులను గూర్చియు వ్రాసిన సంగతులను మాత్రము కేవలము వినోదవిషయములని ప్రక్కకు నెట్టుటయో, లేక 'ప్రాచీన భారతీయుల ఆహారము' అను శీర్షిక క్రింద యథాతథముగా నెత్తి వ్రాయుటయో పరిపాటియైనది. ఈ రెండును సరియైన పద్ధతులు కావు. ఇవి పరదేశమున చదువుకొన్న విద్యార్థుల వ్రాతలు. అందును ఇత్సింగునకు భోజనవిధియే అధ్యయనవిషయము.

ముందుగా హ్యుయాన్‌త్సాంగు మాట. ఈతడు నాలందా చేరకమునుపే పంజాబు ప్రాంతమందలి చీనభుక్తి యను దేశమున 14 నెలలు చదువుకొనెను. అచట ఆయనకొక వింత కనబడినది. కనిష్కుని కాలమున చీనాదిక్కునుండి పూచీగా తేబడిన రాకుమారు లా చోట నివసించిరనియు, వారే పీచుపండును, బేరిపండును ఈ దేశమున ప్రవేశపెట్టిరనియు, అందుచేతనే మొదటిదానికి చీనాని యనియు, రెండవదానికి చీనరాజపుత్ర మనియు పేర్లు కలిగెననియు ఆయన వ్రాసినాడు. కథలో చరిత్ర యెంత యున్నదో చెప్పజాలము. కాని ఇంటినుండి వేలకొలది మైళ్లు నడచివచ్చినవానికి పరుల తోటలో తన దేశము పేరు పెట్టుకొన్న పండు కనబడుట సామాన్యమైన సంగతి కాదు.

నాలందాలో ఈయన శీలభద్రుని శిష్యుడై యోగశాస్త్రమును పఠించెను. అచట ఈయనకు దినదినము ముట్టుచుండిన పదార్థముల పట్టికను జీవితచరిత్రకారుడగు హుయిలీ ఇచ్చియున్నాడు: వక్కలు 20, జాజికాయలు 20, కర్పూర మొక పలము, మహాశాలి బియ్య మొక కొలత, వీనితోపాటు మొదట పేర్కొనబడినది 120 లెక్కగల మరియొక వస్తువు. బీలు పండితుడు తన ఆంగ్లానువాదమున దీనిని జంబీరఫలములుగా గ్రహించెను. అనేకులు ఆయననే అనుసరించి, హ్యుయాన్‌త్సాంగు రోజునకు నూటయిరువది నిమ్మపండ్లను పుచ్చుకొనెనని వ్రాయుచున్నారు. పాపము, ఆయన వానినేమి చేసికొనునో యెవ్వరును విచారింపలేదు! చీనా మూలమందలి శబ్దము 'తాంబూల' శబ్దమునకు సన్నిహితమైనది. ప్రక్కనే వక్కలు, జాజికాయలు, కర్పూరము నున్నవి. వక్క యొక్కింటికి ఆరేసి ఆకుల లెక్కయు కుదురుచున్నది. కావున నివి తమలపాకులనుటయే యుక్తము. మహాశాలి గింజ నల్లచిక్కుడు గింజకన్న పెద్దదనియు, వండిన సువాసనతో నిగనిగలాడుననియు, మగధలో తప్ప మరెచ్చటను పండదనియు హుయిలీ చెప్పుచున్నాడు. రాజులకును, మహాపండితులకును మాత్రమే ఇయ్యబడు ఆ బియ్యమునుబట్టి సామాన్య విద్యార్థి భోజనమును ఊహింపరాదు.

సామాన్య పంక్తిని మనకు చూపినవాడు ఇత్సింగు. 671లో సముద్రమార్గమున బయలుదేరి, 673లో తామ్రలిప్తి రేవున దిగి, నాలందాలో సుమారు పదియేండ్లు చదివి, తిరుగుప్రయాణమున శ్రీవిజయమున నుండి తన వృత్తాంతమును 692లో స్వదేశమునకు పంపెను. తకకుసు పండితుని ఆంగ్లానువాదము 1896లో వెలువడినది. గోమయముతో నలికిన నేలపై పచ్చని ఆకులు పరచి, జానెడైనను ఎత్తులేని చిన్నపీటలను మూరెడేసి యెడముగా వేయుదురట. కాళ్లు నేలపై మోపి కూర్చుండవలెను. చీనా భిక్షువులవలె మోకాళ్లు తగులునట్లు బాసీపట్టు వేసికొని కూర్చుండుట తప్పని ఆయన వాదము. మొదట బొటనవ్రేలంత అల్లపు ముక్క, ఆకుపై ఉప్పు. పిమ్మట అన్నము, చిక్కని పప్పు, కాగిన నెయ్యి. వానిని వ్రేళ్లతో కలుపుకొని కుడిచేత తినవలెను. సగము కడుపు నిండిన తరువాత పిండివంటలు, పండ్లు, నెయ్యి, చక్కెర. దాహమునకు ఏ ఋతువునందైనను చన్నీళ్లే. పప్పు, నెయ్యి కలుపుకొను ఈ క్రమమును చదువునపుడు తెలుగువానికి ఇది పరాయి పంక్తిగా తోచదు.

కూరలను బాగుగా ఉడికించి, ఇంగువ, నెయ్యి మున్నగునవి చేర్చి తినుట ఆయనకు క్రొత్త. పచ్చికూరలను, పచ్చిచేపలను తిను తన దేశీయుల అలవాటుతో దీనిని పోల్చి, ఇచ్చటివారికి అజీర్ణబాధ లేకుండుటకు పచ్చికూరలను, ఉల్లిని వర్జించుటయే కారణమని నిశ్చయించెను.

నిత్యవిహారములును ఈ భోజనముతో ముడివడినవే. ప్రాతఃకాలమున ఘంట మ్రోగగానే భిక్షువులు స్నానవస్త్రములు చేబూని, ఒకప్పుడు నూర్గురు, ఒకప్పుడు వేయిమంది, విహారమును వెడలి చుట్టునున్న పదికి మించిన కొలనులకు నలుదిక్కుల సాగుదురు. స్నానము ఆకలితోనున్నపుడే గాని భుజించిన పిదప కూడదు. ఉదయమునను, అపరాహ్ణమునను ఒక దారివెంబడి ముందువెనుకలకు నడచు చంక్రమణము జీర్ణమునకును, ఆరోగ్యమునకును హితమని చెప్పి, రాజగృహ గృధ్రకూట ప్రాంతముల అట్టి చంక్రమస్థానములను పేర్కొనినాడు.

ఈ సాక్ష్యము సూక్ష్మమైనది. కాని నిష్పక్షపాతమైనది కాదు. ఇత్సింగు వచ్చినది వినయనియమములు ఇచట నెట్లాచరింపబడుచున్నవో చూచి, స్వదేశమందలి సంఘమును సంస్కరించుటకు. అందుచే ఇచటి యాచారమునకు మెరుగును, అచటిదానికి మకిలను కొంత హెచ్చుగా నంటించినాడు. భారతీయులు ఉల్లి తినరని ఆయన అన్నచో, తాను మెలగిన విహారములలో తినరని మాత్రమే మనము గ్రహింపవలెను. హ్యుయాన్‌త్సాంగు ఇంకను జాగ్రత్తపరుడు: దానిని తినువారు కొలదిమంది కలరనియు, వారిని ఊరి వెలుపలకు పంపుదురనియు వ్రాసెను. నిషేధ మున్నదన్న, తినువాడును ఉన్నాడన్నమాట.

వారి మౌనమును గూడ గమనింపవలెను. హ్యుయాన్‌త్సాంగు మన వేంగీ ప్రాంతమును చూచి, ఆంధ్రుల భాష మధ్యదేశభాషకంటె భిన్నమనియు, లిపి మాత్రము చాలవరకు సమానమనియు వ్రాసినాడు. ధాన్యకటకమున సుభూతి, సూర్యుడను భిక్షువుల కడ కొన్ని మాసములు మహాసాంఘికుల అభిధర్మమును చదివి, వారికి తాను మహాయానశాస్త్రములను చెప్పినాడు. నేల సారవంతమనియు, పంటలు పుష్కలమనియు చెప్పి, ఆ పంట కుండలో నేమైనదో చెప్పక విడిచినాడు. ఇచట ఇత్సింగువంటి వాడొకడు చదివియుండినచో, కృష్ణాతీరపు విహారభోజనమును గూర్చి మనకింత వెదకులాట లేకపోవును.

ఇత్సింగు ఇచటి పంక్తిని ఎంత మెచ్చినను తన యింటిరుచి నొకదానిని వదలలేదు. స్వదేశము విడిచి యిరువదేండ్లు దాటినదనియు, ఇంతకాలమును తేనీరు, జిన్సెంగు వేరు కషాయము, ఈ రెండే తన యొడలికి మందులనియు, గట్టి జబ్బేదియు తన్నంటలేదనియు వైద్యమును గూర్చిన ప్రకరణమున వ్రాసికొనియున్నాడు.