కాశీరాజు బావి మీదుగా

మాది వాలింగ్‌ఫర్డ్. ఆక్స్‌ఫర్డ్‌కు దిగువన, థేమ్స్ నది ఒడ్డున ఉన్న చిన్న సంత ఊరు. డేన్ల దండయాత్రలకు అడ్డంగా తొమ్మిదో శతాబ్దంలో పోసిన మట్టికట్ట ఇప్పటికీ ఊరికి మూడు వైపులా నిలిచి ఉంది. నాలుగో వైపు కాపలా నదిదే. 1066లో నార్మన్ విలియం లండన్ మీదికి పోతూ ఏరు దాటింది ఇక్కడే. ఇంత చరిత్ర ఉన్నా, ఇండియా నుంచి వచ్చిన చుట్టాలు అడిగేది మాత్రం అగాథా క్రిస్టీ ఇల్లెక్కడ అని! కాళ్లలో కాస్త సత్తువ ఉన్నవాళ్లయితే, వాళ్ల చేతికి ఒక సైకిలిచ్చి బావి చూపిస్తాను రమ్మంటాను.

నేను గీసుకున్న దారి 35 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. సైకిల్ దారి వేసుకునేవాళ్లు ఎక్కుడు ఎంత, కాఫీ ఎక్కడ అని చూసుకుంటారు. నేను నీళ్లెక్కడ అని చూసుకున్నాను. అనంతపురం జిల్లాలో పుట్టినవాణ్ణి. బోరు ఎన్నడుగులకు పడింది అని పలకరించుకునే ఊళ్లు మావి. ఏటి ఒడ్డున బయలుదేరి, చుక్క నీరు నిలవని గుట్టలెక్కి, ఊటల దగ్గర దిగి, మళ్లీ ఏటికి చేరడం నా లెక్క. ఇప్స్‌డెన్, స్టోక్ రో, నఫీల్డ్, స్విన్‌కమ్, యూవెల్మ్, బెన్సన్, ఈ వరసలో తిరగాలి. గుడి చుట్టూ తిరిగినట్టు కుడిచేతి వైపు కాదు, అప్రదక్షిణంగా. కారణం చిన్నదే. పెద్ద ఎక్కుడు మొదట్లోనే అయిపోతుంది.

తూర్పున ఉన్న చిల్టర్న్ గుట్టలన్నీ సుద్ద. వాన ఎంత కురిసినా సుద్ద తాగేస్తుంది. పైన చెరువుండదు, వాగుండదు. తాగిన నీరంతా గుట్ట పాదాల దగ్గర ఊటలై బయటపడుతుంది. అందుకే పాత ఊళ్లన్నీ పాదాల వెంట దండ గుచ్చినట్టుంటాయి. పైనున్నవాళ్ల అవస్థే అవస్థ.

ఇప్స్‌డెన్ దాటాక బెరిన్స్ హిల్ అనే ఎక్కుడు ఉంది. బీచ్ చెట్ల నీడలో, రోడ్డు కంటే సొరంగం అనదగ్గ సందు. చిన్న గేరు వేసుకుని, మాటలు మానేసి ఎక్కాలి. వాన వెలిసిన మర్నాడు చెకుముకి రాళ్ల పెచ్చులు తారు మీదికి కొట్టుకొస్తాయి. అవి కత్తుల్లా ఉంటాయి. సన్న టైర్లతో వచ్చి ఒకసారి రెండు ట్యూబులు పోగొట్టుకున్నాను. 28 మిల్లీమీటర్లకు తక్కువ టైరుతో ఈ దారికి రావద్దు.

ఎక్కుడు ముగిసి, ఊపిరి కుదుటపడేలోగా స్టోక్ రో వస్తుంది. రోడ్డు పక్కనే ఇనుప స్తంభాల మీద ఒక గుమ్మటం, దాని కింద గిలక యంత్రం, ఆ యంత్రం మీద బంగారు పూత ఏనుగు. ఇంగ్లిష్ పల్లెలో అంబారీ దారి తప్పినట్టుంటుంది. ఇప్స్‌డెన్‌కు చెందిన ఎడ్వర్డ్ రీడ్ ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండగా, 1831లో ఆజంగఢ్‌లో ప్రజల కోసం బావి తవ్వించాడు. తర్వాతి రోజుల్లో తన ఊరి గుట్టల మీది కరువును కాశీరాజు ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్‌కు చెప్పాడు. ఇంట్లో మిగిలిన ఆఖరి నీళ్లు తాగేశాడని తల్లి చేతిలో దెబ్బలు తిన్న పిల్లవాడి సంగతి కూడా చెప్పాడంటారు. రాజు ఆ మాట మరిచిపోలేదు. 1863 మార్చిలో తవ్వకం మొదలైంది. నాలుగడుగుల వెడల్పు, 368 అడుగుల లోతు, అంతా చేతితో తవ్విందే. లండన్ సెయింట్ పాల్ చర్చిని నిలువునా దించితే మునిగిపోతుంది. 1864 మే 24న, విక్టోరియా పుట్టినరోజు నాడు బావిని ఊరికిచ్చారు. నీళ్లు ఉచితం. కాపలాదారుకు ఎనిమిది మూలల చిన్న ఇల్లు కట్టించారు, ఖర్చులు వెళ్లడానికి పక్కనే చెర్రీ తోట వేశారు. దానం చేసి చేతులు దులుపుకోకుండా, నడిపే దారి కూడా చూపించడం నాకు నచ్చింది. అయితే 1857లో ఈ రాజు తెల్లవాళ్ల పక్షాన నిలిచినవాడు. ఈ బావిలో దయ ఎంత, రాజభక్తి ఎంత అని కొలవడానికి 368 అడుగుల తాడు చాలదు.

కొళాయిలొచ్చాక బావికి పని తప్పింది. 1964లో నూరేళ్ల పండుగకు గంగాజలం తెచ్చి ఇందులో కలిపారు. ఎలిజబెత్ రాణి భర్త ఫిలిప్ ఆ వేడుకకు వచ్చారు.

అక్కణ్ణించి నఫీల్డ్. వాలింగ్‌ఫర్డ్ నుంచి ఇక్కడికి నేరుగా పెద్ద రోడ్డుంది కానీ లారీల గోల, అడ్డంగా దాటడానికి తప్ప దాని జోలికి పోకండి. చర్చి ఆవరణలో ఒక సాదా పలక కింద విలియం మోరిస్ ఉన్నాడు. పదహారేళ్ల వయసులో, నాలుగు పౌన్ల పెట్టుబడితో ఆక్స్‌ఫర్డ్‌లో సైకిళ్లు బాగుచేయడం మొదలుపెట్టి, కార్ల కోటీశ్వరుడై, ఈ ఊరి పేరే బిరుదుగా తీసుకుని లార్డ్ నఫీల్డ్ అయ్యాడు. అతని కంపెనీ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారే మన అంబాసిడర్‌కు మూలం. చుట్టాలకు ఆ మాట చెబితే, బావి దగ్గర కూడా రాని మెరుపు కళ్లలోకి వస్తుంది.

ఆపైన దారి చాలావరకు దిగుడే. యూవెల్మ్ అంటేనే పాత ఇంగ్లిష్‌లో ఊట మొదలు. గుట్ట మీద ఇంకిన నీరు ఇక్కడ అద్దంలా పారుతుంది. ఆ పారుదలలోనే వాటర్‌క్రెస్ అనే ఘాటు ఆకుకూర పెంచి అమ్ముకునేవారు. కవి చాసర్ మనవరాలు ఆలిస్ 1437లో భర్తతో కలిసి పదముగ్గురు పేదల కోసం పెట్టిన సత్రంలో ఇప్పటికీ మనుషులుంటున్నారు, పక్క బడిలో ఇప్పటికీ పిల్లలు చదువుతున్నారు. చర్చిలో ఆమె సమాధి మీద అలబాస్టర్ రాతిలో చెక్కిన ఆమె ప్రతిమ, దాని అడుగున, వంగి చూస్తే తప్ప కనబడని చోట, ఎండిన శవం శిల్పం. సైకిల్ తొక్కి బిగుసుకున్న మోకాళ్లతో ఆ వంగడం మాటలు కాదు.

బెన్సన్ నుంచి వాలింగ్‌ఫర్డ్ వంతెన దాకా చదునే. కాకపోతే సాయంత్రాలు పడమటి గాలి ముఖానికే కొడుతుంది, కాబట్టి రెండు బ్రెడ్డు ముక్కలు జేబులో దాచుకోండి.