కండబలము - లూసిన్ చరిత్ర

వయసు ముదిరినకొలది కండలు తరుగుట అందరును ఎరిగినదే. అయినను శాస్త్రములో దానికి ప్రత్యేకమైన పేరు చాల ఆలస్యముగా వచ్చెను. 1989లో ప్రచురితమైన వ్యాసమున అమెరికా వైద్యశాస్త్రజ్ఞుడు ఇర్విన్ రోజెన్‌బర్గ్ దానిని ‘సార్కోపీనియా’ అనెను. గ్రీకు భాషలో దీనికి ‘మాంసలేమి’ అని అర్థము.

ఈ తరుగును ఆపునని నేడు పొడిగా అమ్ముచున్న లూసిన్ అను అమైనో ఆమ్లము మాత్రము పాతదే. ఫ్రెంచి రసాయనవేత్త ప్రూస్ట్ 1819లో దానిని చీజులో కనుగొనెను. మరుసటి ఏడు బ్రాకొనో మాంసమును గంధకామ్లముతో ఉడికించి తెల్లని స్ఫటికములు పొందెను. ‘తెలుపు’ అను గ్రీకు మాటనుండి వాటికి ఆ పేరు పెట్టెను.

ఇరువదవ శతాబ్దమున ఇల్లినాయ్ విశ్వవిద్యాలయములో విలియం రోజ్ మొదట ఎలుకలకు, పిమ్మట యువకులకు, మాంసకృత్తులకు బదులు శుద్ధమైన అమైనో ఆమ్లముల నిచ్చి పరీక్షించెను. శరీరము స్వయముగా తయారు చేసికొనలేనివానిలో లూసిన్ ఒకటని తేలెను.

తరువాత మరియొక గుణము బయటపడెను. లూసిన్ మాంసకృత్తులకు ఇటుక మాత్రమే కాదు. నిర్మాణము ప్రారంభింపుమని కణమునకు అందు సంకేతము కూడ. వృద్ధుల కండలు ఈ సంకేతమునకు మందముగా స్పందించును. మరి మోతాదు పెంచిన చాలునా?

నెదర్లాండ్సులో ఆరోగ్యవంతులైన వృద్ధులు దినమునకు 7.5 గ్రాముల లూసిన్‌ను 3 నెలలు పుచ్చుకొనిరి. కండయు పెరుగలేదు, బలమును హెచ్చలేదని 2009లో వెల్లడియయ్యెను. కాని బోస్టనులో సుమారు 90 ఏండ్ల ముదుసళ్లచే 8 వారములు కాళ్లతో బరువు లెత్తించగా, వారి బలము సగటున రెట్టింపునకు మించెనని 1990లోనే ప్రకటింపబడెను.

కావున పప్పు, పాలు, గ్రుడ్లు కండకు ముడిసరకు నిచ్చును. దానిని వినియోగించు పని వ్యాయామమునది.