ఏపిస్ ఇండికా ఏమైనది?

మన పాఠశాలలలో తేనెటీగ నమూనా సీసాపై 'ఏపిస్ ఇండికా' అను చీటీని చాలమంది ఉపాధ్యాయులు చూచియే యుందురు. ఇప్పటి గ్రంథములలో అదే ఈగ 'ఏపిస్ సెరానా'. ఏది సరి యని విద్యార్థి అడిగినచో, రెండువందల యేండ్లు వెనుకకు పోవలసియుండును.

1758లో స్వీడను దేశీయుడు లిన్నేయస్ తేనెటీగలను, తుమ్మెదలను కూడ, ఏపిస్ అను ఒకే ప్రజాతిలో చేర్చెను. యూరపు తేనెటీగకు 'మెల్లిఫెరా', అనగా తేనెను మోయునది, అని పేరిడెను. ఈగ మోయునది తేనె కాదు, మకరందము. అందుచే 1761లో 'మెల్లిఫికా', తేనెను చేయునది, అని దిద్దెను. కాని మొదటి పేరే చెల్లునను నియమము తరువాత స్థిరపడుటచే ఆ దిద్దుబాటు నిలువలేదు.

లిన్నేయస్ శిష్యుడు ఫెబ్రీషియస్ కీటకముల నోటి భాగములను పరిశీలించి వర్గీకరించినవాడు. 1802లో ఆంగ్ల మతాచార్యుడు విలియం కర్బీ నాలుక నిర్మాణము ఆధారముగా తన దేశపు తేనెటీగ వంశపు కీటకములను విభజించి, రెండువందలకు పైగా జాతులను వివరించెను.

మన దేశపు ఈగలకు పేర్లు పెట్టినవాడును ఫెబ్రీషియస్సే. చిన్నదానికి 1787లో 'ఫ్లోరియా', కొండలపై పట్టు పెట్టు పెద్దదానికి 1793లో 'డార్సేటా' అనెను. పరిమాణమును బట్టియే వీనిని గుర్తింపవచ్చును. చిక్కంతయు చెట్టు తొర్రలలో నుండు నడిమి ఈగతోనే. చైనా నమూనాకు 1793లో 'సెరానా' అని, భారత నమూనాకు 1798లో 'ఇండికా' అని ఆయనయే రెండు పేర్లిడెను! రెండును ఒకే జాతి యగుటచే పాత పేరు మిగిలినది.

అంతటితో తీరలేదు. 1906లో జర్మను శాస్త్రజ్ఞుడు బుట్టెల్-రీపెన్ దీనిని యూరపు ఈగలో ఒక భేదముగా మాత్రమే లెక్కించెను. ఆయనను తప్పుపట్టజాలము, రెండును తొర్రలలో వరుసగా పలు పట్టులు కట్టును, రూపమును దగ్గరిదే. అయితే వెనుక రెక్కలో, అడ్డు ఈనెకు ఆవల, మన ఈగకు మరియొక చిన్న ఈనె ముందుకు సాగియుండును. యూరపు ఈగకు అది లేదు.

ఒక్క ఈనె చాలునా? దేహలక్షణము సందేహమును పుట్టింపగలదే కాని, ప్రతిసారి తీర్పు చెప్పలేదు. 1983లో రుట్నర్, మౌల్ అనువారు కృత్రిమ గర్భధారణ పద్ధతిచే ఈ రెంటిని సంకరపరచి చూచిరి. గ్రుడ్లు ఫలదీకరణము చెందినను లోని పిండములు ఎదుగక నశించినవి. జాతులు రెండే.

'ఇండికా' అను మాట పూర్తిగా పోలేదు. దక్షిణ భారతపు ఉపజాతిని ఏపిస్ సెరానా ఇండికా అందురు. చచ్చిన ఈగ వెనుక రెక్కను రెండు గాజు పలకల నడుమ నుంచి, వెలుతురునకు పట్టి భూతద్దముతో చూచినచో ఆ ఈనె తరగతిలోనే కనబడును.