దంతేశ్వరి తల్లి ఆసుపత్రి

డాక్టర్లు అడిగింది ఒక్కటే. ఒంట్లో బాగాలేకపోతే ఆసుపత్రికి ఎందుకు రారు?

గోండు పల్లెల పెద్దలు ముందు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఒక్కో మాటా బయటికొచ్చింది. ఆసుపత్రిలో అందరూ తెల్లబట్టల్లో తిరుగుతారు. మేం తెల్లగుడ్డ చుట్టేది శవానికి. ఆ బట్టలేసుకున్నవాళ్ళు ప్రాణం నిలబెడతారని ఎట్లా నమ్మేది? జబ్బు మనిషిని లోపల ఉంచుకుని, వెంట వచ్చినవాళ్ళని బయటికి పొమ్మంటారు. జబ్బు చేసినప్పుడే కదా మనవాళ్ళు పక్కనుండాలి? అక్కడి భాష మాకు రాదు. అంత పెద్ద భవనంలో ఎటు పోవాలో తెలియదు. అయినా, మీ ఆసుపత్రిలో దేవుడేడీ?

ఆ ప్రశ్న విన్నవాళ్ళు డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ దంపతులు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో ప్రజారోగ్యం చదివి, తిరిగొచ్చి, 1985లో మహారాష్ట్రలోని గడ్చిరోలిలో ‘సెర్చ్’ సంస్థను పెట్టారు. గడ్చిరోలి మనకు దూరమేమీ కాదు. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే సిరోంచ, ఆ జిల్లాదే. అక్కడ తెలుగు వినిపిస్తుంది. అటు గోండులూ మన ఆదిలాబాదు గోండులూ ఒకే జాతి జనం.

ఇలాంటి జవాబులు విన్నాక చాలామంది ‘మూఢనమ్మకాలు, అవగాహన లేదు’ అని రాసుకుని ఫైలు మూసేస్తారు. మన ఏజెన్సీ ప్రాంతాల గురించి అలా రాసిన కాగితాలకు కొదవలేదు. కానీ ఆ పెద్దలు చెప్పినవాటిలో ఒక్కటైనా అర్థంలేని మాట ఉందా? ప్రాణభయంతో ఉన్న మనిషిని అయినవాళ్ళ నుంచి విడదీసి, తెలియని భాషలో ప్రశ్నలేసి, తన చావు ఆచారాన్ని గుర్తుచేసే బట్టల మధ్య పడుకోబెడితే ఎవరికి మాత్రం ధైర్యం ఉంటుంది?

బంగ్ దంపతులు జనాన్ని మార్చాలనుకోలేదు. ఆసుపత్రినే మార్చారు. గడ్చిరోలి నుంచి ధనోరా వెళ్ళే దారిలో, అడవి పక్కన, 1990ల మొదట్లో శోధ్‌గ్రామ్ లేచింది. చూస్తే గోండు పల్లెలాగే ఉంటుంది. వార్డులు లేవు, గుడిసెలున్నాయి. రోగితో పాటు ఇంటివాళ్ళూ అందులోనే ఉండొచ్చు. వచ్చినవాళ్ళు కూర్చునే చోటును, గోండు పల్లెల్లో అందరూ కూడే ఘోటుల్ తీరులో కట్టారు. దేవుడేడీ అన్న ప్రశ్నకు జవాబుగా దంతేశ్వరి తల్లికి గుడి కట్టారు. ఆసుపత్రి పేరే ‘మా దంతేశ్వరి’, అంటే దంతేశ్వరి తల్లి, ఆసుపత్రి అయింది. ఓరుగల్లు కోట పడ్డాక కాకతీయ అన్నమదేవుడి వెంట బస్తరుకు తరలివెళ్ళిందని మనవాళ్ళు చెప్పుకునే తల్లి కూడా ఆమే.

అయితే ఆసుపత్రి ఎంత దగ్గరివాళ్ళదైనా, అక్కడిదాకా రాలేని ప్రాణాల మాటేమిటి?

అభయ్ బంగ్ చాలాచోట్ల చెప్పిన సంగతి ఇది. వానాకాలం సాయంత్రం. ఇద్దరు ఆడవాళ్ళు పరుగున ఆయన ఇంట్లోకి వచ్చారు. బిడ్డ తల్లి, ఆమె తల్లి. చేతుల్లో ఎముకలగూడులాంటి పసికందు, గురగురమంటున్న ఊపిరి. డాక్టరు మంచం మీద పడుకోబెట్టి చూసేలోపే ఆ ఊపిరి ఆగింది. ఆ తర్వాత ఆయన కూర్చుని ఆ చావు వెనక కారణాలు ఒక్కొక్కటీ లెక్కేశారు. పేదరికం, కడుపుతో ఉన్నప్పుడు తల్లికి వచ్చిన మలేరియా, పొంగిన వాగు, ఇలా మొత్తం 18. అన్నిటినీ ఒకేసారి తీసేయడం ఏ డాక్టరు వల్లా కాదు. కానీ ఈ కారణాల గొలుసులో ఒక్క లంకె తెగినా బిడ్డ బతికేదని ఆయనకు తోచింది.

ఆ పల్లెల్లో పురిటిబిడ్డని గడప దాటించరు. ఆ ఆచారాన్ని తప్పుపట్టే బదులు వైద్యాన్నే గడప లోపలికి పంపారు. ఆ పని అప్పగించిన మంత్రసానులకు పన్నెండు దాటి లెక్క వచ్చేది కాదు. పసివాడికి న్యుమోనియా ఉందో లేదో తేల్చాలంటే నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి పీలుస్తున్నాడో లెక్కపెట్టాలి. అందుకని చిన్న పూసల చట్రం, దానికో ఇసుక గడియారం తయారుచేశారు. పది ఊపిరులకు ఒక పూస జరపాలి. రెండు నెలల్లోపు బిడ్డకైతే అయిదు తెల్లపూసలు, ఆపైన ఒక ఎర్రపూస. ఇసుక నిమిషంలో జారిపోయేలోపు ఎర్రపూస దాకా వచ్చారంటే న్యుమోనియా అన్నమాట, మందు మొదలెట్టాలి. మంత్రసానికి వచ్చిన లెక్కతోనే ఆమె చేత రోగనిర్ధారణ చేయించిన ఈ పనిముట్టు ముందు నాకు చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది.

తర్వాత 39 ఊళ్ళలో కాస్త చదువుకున్న ఆడవాళ్ళను ఆరోగ్యదూతలుగా తయారుచేశారు. బిడ్డకు వెచ్చదనం ఎలా ఇవ్వాలి, పుట్టగానే ఊపిరి తీయకపోతే ఏం చేయాలి, ఒంట్లో విషక్రిములు పాకితే యాంటీబయాటిక్ సూది ఎలా వేయాలి, అన్నీ నేర్పారు. పల్లెటూరి ఆడవాళ్ళ చేతికి సూదిమందా అని అభ్యంతరాలు వచ్చాయి. 1999లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు అచ్చయ్యాయి. పోల్చి చూసిన ఊళ్ళకంటే ఆ ఊళ్ళలో నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. 1988లో వెయ్యికి 121గా ఉన్న శిశు మరణాలు 2003 నాటికి 30కి వచ్చాయి. 2011లో ఈ పద్ధతి దేశమంతటి కార్యక్రమమైంది. ఇవాళ మన ఊళ్ళో ఆశా కార్యకర్త బాలింత ఇంటికి 42 రోజుల్లో ఆరేడుసార్లు వచ్చి బిడ్డను తూకం వేసి వెళ్తోందంటే, దాని పుట్టుక గోండు పల్లెల్లోనే.

గిరిజనారోగ్యం మీద కేంద్రం వేసిన నిపుణుల సంఘానికి అభయ్ బంగే అధ్యక్షత వహించారు. 2018లో నివేదిక ఇచ్చారు. నివేదికలు అవసరమే. నాకు మాత్రం అంతకన్నా గట్టి పద్ధతి దంతేశ్వరి జాతర వేళల్లో శోధ్‌గ్రామ్‌లో జరిగే ఆదివాసీ ఆరోగ్య సంసద్‌లో కనిపిస్తుంది. పల్లెల నుంచి ప్రతినిధులు వస్తారు. మా ఊళ్ళో మమ్మల్ని ఎక్కువ బాధపెడుతున్నది ఇదీ అని వాళ్ళే తేలుస్తారు. ఒకసారి మలేరియా. ఇంకోసారి, డాక్టర్లెవరూ పెద్ద జబ్బుగా లెక్కలోకి తీసుకోని నడుంనొప్పి. నాట్లేసి, కట్టెలు మోసి, రోజంతా వంగి బతికే మనుషుల నొప్పి అది. సెర్చ్ దాన్ని పట్టించుకుని పల్లెల్లో అధ్యయనం చేసింది. ముంబయి నుంచి వెన్నెముక శస్త్రచికిత్స నిపుణులు రావడం మొదలైంది. వాళ్ళు ఆపరేషన్లు చేస్తున్నది దంతేశ్వరి తల్లి ఆసుపత్రిలోనే.