కోతల కాలం, పరీక్షల కాలం: నెల్లూరు తీరంలో బాల్య అధ్యయనం

బాల్యం మన విశ్వవిద్యాలయాల్లో ఒక పేపరుగా కుదురుకున్నది ఈమధ్యనే. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014లో బి.ఇడి.ని రెండేళ్ల కోర్సు చేసినప్పుడు ‘బాల్యం, ఎదుగుదల’ను పాఠ్యప్రణాళికలో ముందు వరసన పెట్టింది. అంతకుముందు పియాజే చెప్పిన దశలతోనే చాలావరకు సరిపెట్టేవారు. పడమటి దేశాల్లో ఈ చర్చ పాతది. బాల్యానికీ ఒక చరిత్ర ఉందని ఫిలిప్ ఆరియేస్ 1960లో వాదించాడు. పిల్లలు రేపటి పౌరులే కారు, ఇవాళ్టి సమాజాన్ని నడిపే మనుషులు కూడా అని 1990లో ఆలిసన్ జేమ్స్, అలన్ ప్రౌట్ అన్నారు. ఈ మాట నెల్లూరు తీరంలోని యానాది పిల్లల విషయంలో ఎంతవరకు నిలుస్తుందో చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

2001 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో యానాదులు 4.6 లక్షల పైచిలుకు. వారికి ప్రధాన స్థావరం నెల్లూరు ప్రాంతమే. 1909లో థర్‌స్టన్, 1962లో వెన్నెలకంటి రాఘవయ్య వారి గురించి రాశారు. రాఘవయ్య పుస్తకం వెనుక ఒక జీవితకాలపు సేవ ఉంది. అయినా ఆ రచనలకు విషయం తెగ, పిల్లలు కాదు.

పిల్లల వైపు నుంచి చూస్తే ముందు కనబడేది క్యాలెండరు. నెల్లూరులో ప్రధానమైన వరి పంట నాట్లు అక్టోబరు, నవంబరుల్లో పడితే కోతలు మార్చి, ఏప్రిల్‌లో వస్తాయి. పొలం గట్లలోని బొరియలకు కుండతో పొగబెట్టి ఎలుకలు పట్టటం యానాదుల వృత్తి. ఎలుకలు బొరియల్లో దాచుకున్న వరికంకులు వారికే దక్కుతాయి. ఏ కన్నంలో ఎలుక ఉంది, ఏది ఖాళీ అన్నది పెద్దల వెంట తిరిగే పిల్లలు చూసి నేర్చుకునే విద్య. సరిగ్గా ఈ కోతల నెలల్లోనే బడిలో వార్షిక పరీక్షలు. సముద్రం మీద లెక్క వేరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం. వేసవి సెలవులు దాదాపు ఆ రోజుల్లోనే వస్తాయి. అంటే బడి క్యాలెండరు, ఎవరూ తలపెట్టకుండానే, మరపడవల ఇళ్ల పిల్లలకు కొంత సరిపోయింది. కాలువల్లో, బురదనీటిలో చేత్తో పీతలు పట్టే కుటుంబాలకు ఆ కాకతాళీయమైన మేలూ లేదు. హాజరుపట్టీలో మాత్రం ఇదంతా ‘చదువు మీద ఆసక్తి లేదు’ అన్న ఒక్క మాటకు కుదించుకుపోతుంది.

అలాగని పనే చదువని మురిసిపోవటం ప్రమాదం. 2016 నాటి బాలకార్మిక చట్ట సవరణ, ప్రమాదకరం కాని కుటుంబ పనుల్లో బడి వేళల తరువాత, సెలవుల్లో పిల్లలు సాయపడటానికి వీలిచ్చింది. కుటుంబానికి సాయం ఎక్కడ ముగుస్తుందో, అప్పు తీర్చే చాకిరీ ఎక్కడ మొదలవుతుందో పొలం గట్టున గీత గీసి చూపేవారెవరు? బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నది శాంతా సిన్హా వైఖరి. ఆమె హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధించారు, ఎం.వి. ఫౌండేషన్ పనికి 2003లో మెగసెసే పురస్కారం అందుకున్నారు. జేమ్స్, ప్రౌట్‌ల వాదన కన్నా నాకు ఇదే సరైన మొదటి మెట్టు అనిపిస్తుంది. అయితే పిల్లను బడికి తెచ్చాక ఆమెకు తెలిసినదాన్ని గుమ్మం బయట వదిలి రమ్మనటం ఆ వైఖరిలో భాగం కానక్కర్లేదు.

తెలిసినదాన్ని చదువులోకి తేవచ్చు అనటానికి నెల్లూరులోనే ఒక ఆనవాలు ఉంది. 1991లో మొదలైన సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం పల్లె ఆడవాళ్ల బతుకునే వాచకాల్లోకి ఎక్కించింది. సారా తెచ్చే కష్టం చదివిన దూబగుంట మహిళలు 1992లో సారా దుకాణాల మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. పెద్దల వాచకానికి అంత బలం ఉందని తేలాక కూడా పిల్లల పాఠ్యపుస్తకానికి ఆ పద్ధతి అందలేదు. ఇది వనరుల లోటు కాదు, చూపు లోటు.

ఆక్స్‌ఫర్డ్ ఆధ్వర్యంలో 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు మూడు వేల మంది పిల్లలను వెన్నంటి చూసిన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం ఎంచుకున్న జిల్లాల్లో నెల్లూరు లేదు. 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఆ ఖాళీని పూరించే పని తలకెత్తుకోవాలి. బి.ఇడి. విద్యార్థుల క్షేత్రపరిశీలనను కోతల నెలల్లో యానాది కాలనీలకు మార్చితే చాలు, పని మొదలైనట్టే.