జుట్టు ఆమెది, తీర్పు ఎవరిది?

మన భిలాయి నుంచి తిరుమల వెళ్లి గుండు చేయించుకొచ్చిన స్త్రీని భక్తురాలిగా గౌరవిస్తాం. 1881లో కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించిన నాటికి, భర్త పోయిన బ్రాహ్మణ స్త్రీకి చేయించిన అదే గుండు అమంగళం. తేడా చూసేవాళ్ల కళ్లలోనే ఉంది.

అమెరికా నల్లజాతి స్త్రీలకూ ఈ తీర్పు తప్పలేదు. 1786లో లూసియానా స్పానిష్ గవర్నర్ మీరో, వాళ్లు తలకు గుడ్డ కట్టుకోవాలని ఆజ్ఞాపించాడు. నేటికీ సహజమైన రింగుల జుట్టుతో ఆఫీసుకెళితే 'పద్ధతిగా లేదు' అనేవాళ్లున్నారు. స్ట్రెయిటెనింగ్ చేయించుకుంటే 'తెల్లవాళ్లను అనుకరిస్తోంది' అనేవాళ్లూ ఉన్నారు. 2019లో కాలిఫోర్నియా క్రౌన్ చట్టం ఉద్యోగాల్లో, బడుల్లో ఈ వివక్షను నిషేధించింది.

స్త్రీల స్థితిపై ప్రశ్న వస్తే, ఈ రెండు చరిత్రలనూ పక్కపక్కన పెట్టి రాయండి. ముందుగా, గుండుతో కనిపించిన స్త్రీని 'ఏమైంది?' అని ఎందుకు అడుగుతామో ఆలోచించండి.